చంద్రయాన్-3 దిగింది పూడిపోయిన బిలంలోనే.. చంద్రయాన్-4కి ఇదెందుకు ముఖ్యం?

2023 ఆగస్టు 23 సాయంత్రం విక్రమ్ ల్యాండర్ దిగిన చోటు చూడ్డానికి చదునుగానే ఉంది. కానీ అది పూడిపోయిన ఓ భారీ బిలం. అహ్మదాబాద్‌ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు 2024లో ఈ సంగతి బయటపెట్టారు. ప్రజ్ఞాన్ రోవర్, చంద్రయాన్-2 ఆర్బిటర్ తీసిన ఫొటోలే ఇందుకు ఆధారం.

బిలం వెడల్పు సుమారు 160 కిలోమీటర్లు. మైదుకూరును మధ్యలో పెట్టి అంత వృత్తం గీస్తే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, కడప, గండికోట.. అన్నీ లోపలికే వచ్చేస్తాయి. మరి అంత గొయ్యి ఇన్నాళ్లూ ఎందుకు కనిపించలేదు?

గండికోట దగ్గర రాతిని కోసింది పెన్నా నది. చంద్రుడి మీద పారే నీళ్లు లేవు, వీచే గాలీ లేదు. అక్కడ బిలాల అంచుల్ని అరగదీసేదీ, గుంతల్ని పూడ్చేదీ మళ్లీ ఉల్కల దెబ్బలే. విక్రమ్ దిగిన చోటికి దాదాపు 350 కిలోమీటర్ల దూరంలో సౌత్ పోల్-ఐట్‌కెన్ బేసిన్ అంచు ఉంది. అది ఏర్పడినప్పుడు ఎగిరిన రాళ్లూ మట్టీ ఇక్కడ సుమారు 1,400 మీటర్ల మందాన పడ్డాయని అంచనా. అంటే ఈ బిలం ఐట్‌కెన్ కంటే పాతది. చైనా తెచ్చిన నమూనాలను బట్టి ఐట్‌కెన్ వయసు సుమారు 425 కోట్ల ఏళ్లు. పులివెందుల దగ్గరున్న నల్లరాతి పొర వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లు. మన రాళ్లే పాతవనుకుంటే, ఈ బిలం వాటికి రెండింతలు దాటేసింది!

అన్నట్టు, అప్పట్లో అందరూ 'దక్షిణ ధ్రువం' అన్నారు గానీ, విక్రమ్ దిగింది 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. అసలు ధ్రువం ఇంకా 600 కిలోమీటర్లకు పైనే ఉంది.

అసలు విషయం మట్టిలో ఉంది. ప్రజ్ఞాన్ సుమారు 100 మీటర్లు తిరిగి 23 చోట్ల మట్టిని పరీక్షించింది. ఎక్కువగా కనిపించింది అనార్థోసైట్. చంద్రుడి ఎత్తైన ప్రాంతాలన్నీ ఈ తెల్లటి రాయే. కానీ మెగ్నీషియం అనుకున్నదానికంటే ఎక్కువగా తేలింది. ఐట్‌కెన్ దెబ్బకు చంద్రుడి లోతుల్లోంచి లేచొచ్చిన మట్టి ఇందులో కలిసి ఉండొచ్చన్నది శాస్త్రవేత్తల మాట. అదే నిజమైతే, డ్రిల్లింగ్ అక్కర్లేకుండానే లోపలి రాయి పైన దొరుకుతున్నట్టు.

రోవర్ ఏ రాయో చెప్పగలిగింది గానీ, దాని వయసు చెప్పలేకపోయింది. దానికి ల్యాబ్‌లో రాయి చేతికి రావాలి. 2024 జూన్‌లో చాంగే-6 ఐట్‌కెన్ నుంచే 1,935 గ్రాములు తెచ్చేసింది. మన చంద్రయాన్-4 పని కూడా మట్టి తేవడమే. 2,104 కోట్ల రూపాయలతో 2024 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ దీనికి ఓకే చెప్పింది. ఇక ఎక్కడ దిగాలి? చైనా తెచ్చింది బేసిన్ లోపలి మట్టి. బయటికి ఎగిరిపడిన మట్టి, దాని కింద అంతకంటే పాత నేల.. ఈ రెండూ ఒకేచోట ఉన్న ప్రాంతం మాత్రం ఇస్రో ఇప్పటికే ఒకసారి దిగి చూసొచ్చినదే.