బొమ్మయు మాటయు

ఇటీవల కళాశాలలలో వ్యాసమునకు మారుగా బొమ్మలను, ధ్వనిని, మాటలను కూర్చి వీడియో చేసి తెమ్మనుచున్నారు. మన పాఠశాల విడిచి వెళ్లిన విద్యార్థుల తల్లిదండ్రులు కొందరు ఇది చదువా, ఆటయా యని మమ్మడుగుచున్నారు. చదువే యని మా యభిప్రాయము. మన ప్రాంతమునకు ఇది క్రొత్తయు గాదు.

జనగామ పొరుగున నున్న చేర్యాల నకాషీ పటములను చూడుడు. ఎర్రని నేలపై గడులు గడులుగా కథను చిత్రించిన ఆ పొడవైన గుడ్డను వ్రేలాడదీసి, కూనపులివారు పద్మశాలీలకు వారి కులపురాణమును పాడి వినిపించెడివారు. బొమ్మ యున్నది గదా యని కథకుడు మాట తగ్గింపలేదు. ఎవరు నిలిచిరో బొమ్మ చూపును. ఏల నిలిచిరో మాటయే చెప్పవలెను. ఏ గడి తరువాత ఏ గడి రావలెనో యెరిగినవానికి పేరా విడుచుట వేరుగా నేర్ప నక్కరలేదు. కావున ముందు కాగితముపై వ్రాయించి, దిద్ది, పిమ్మట వీడియో చేయింపవలెను. వ్రాత లేని వీడియోకు మేమైతే మార్కు లీయము.

మహబూబాబాదు తండానుండి వచ్చు బిడ్డ, సొంత లిపి లేని లంబాడీలో నాయనమ్మ చెప్పిన కథను ఫోనులో పట్టి, తెలుగున వ్రాసినచో ఎంత బాగుండును!

అయితే ఆ ఫోను ఎవరిది? 2020లో బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుండి పాఠములు టీవీలోను ఫోనులోను సాగినప్పుడు, ఇంటనున్న ఒక్క ఫోను తండ్రి వెంట పనికి పోయిన భూపాలపల్లి పల్లెల యిండ్లను మే మెరుగుదుము. ఫోను లేని విద్యార్థి అట్టపై బొమ్మలు వేసి, తరగతిలో నిలిచి కథ చెప్పినను అవే మార్కు లీయవలెను.