పదో పేరుకు విలువెంత?

ఢిల్లీ ఎయిమ్స్‌లో 1985-86 ప్రాంతంలో పుట్టిన కొందరు పసికందులకు రోటావైరస్ సోకింది కానీ విరేచనాలు పట్టుకోలేదు. పిల్లల వైద్యుడు మహారాజ్ కిషన్ భాన్, ఆయన సహచరులు ఆ సంగతిని అక్కడితో వదిలెయ్యలేదు. ఆ పిల్లలు ఎదుగుతుంటే గమనించారు. తర్వాత తీవ్రమైన రోటావైరస్ విరేచనాల బారిన పడకుండా వాళ్లకు రక్షణ దొరికిందని తేలింది. ఆ పసివాళ్ల నుంచి వేరుచేసిన 116ఇ రకం వైరస్సే హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ టీకాకు మూలం. అమెరికాలో రోజర్ గ్లాస్ బృందం, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, వెల్లూరు సీఎంసీ, పుణె కేఈఎం, ఢిల్లీలోని క్షేత్ర పరిశోధకులు ఇందులో పాలుపంచుకున్నారు. మూడు చోట్ల కలిపి 6,799 మంది శిశువులతో మూడో దశ ట్రయల్ జరిగింది. 2014లో లైసెన్సు వచ్చింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఈ చుక్కలు మొదలైన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మొదటి నమూనా నుంచి పిల్లల నోట్లో చుక్కలు పడేదాకా 30 ఏళ్లు పట్టింది. మన దగ్గర జేఆర్ఎఫ్‌తో పీహెచ్‌డీలో చేరిన విద్యార్థికి ఫెలోషిప్ అందేది 5 ఏళ్లు. ఎండీ చేసే డాక్టరుకు 3 ఏళ్లు, థీసిస్ కూడా అందులోనే. అంటే ఇలాంటి పనిలో ఏ యువ పరిశోధకుడికైనా దక్కేది ఒక ముక్క మాత్రమే. ఆ ముక్కను సరిగ్గా చేసి, తర్వాత వచ్చేవారి చేతిలో పెట్టడం నేర్పడమే అసలు శిక్షణ. మన వ్యవస్థ నేర్పుతున్నది అది కాదు.

ఇదే కథలో ఎక్కువమందికి తెలియని ఇంకో పాయ ఉంది. బెంగళూరు ఐఐఎస్సీలో సి. దుర్గారావు బృందం కూడా నవజాత శిశువుల నుంచే ఐ321 అనే మరో రకాన్ని వెలికితీసింది. రెండింటినీ పరీక్షించాక 116ఇ ముందుకు వెళ్లింది, ఐ321 ఆగిపోయింది. ఆగిపోయిన దారి కూడా అవసరమే. ఏది పనికొస్తుందో తేల్చడానికి రెండోది ఉండి తీరాలి. అలాంటి దారిలో 5 ఏళ్లు పనిచేసిన పీహెచ్‌డీ విద్యార్థి ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే ఇంటర్వ్యూ బోర్డు ఏమంటుంది? నాకు తెలిసినంతలో, పెద్ద జర్నల్లో మొదటి పేరుతో పేపరుందా అని అడుగుతుంది.

పేరు ఎక్కడుందన్నదే అన్నిటికీ కొలబద్ద అయిపోయింది. 2015లో అప్పటి భారత వైద్య మండలి మెడికల్ కాలేజీ అధ్యాపకుల పదోన్నతికి పేపరులో మొదటి ఇద్దరు రచయితలనే లెక్కలోకి తీసుకుంటామంది. విమర్శలు వచ్చాక నిబంధన మారింది. తర్వాతి సవరణల్లో మొదటి ముగ్గురికి, కరెస్పాండింగ్ ఆథర్‌కు లెక్క దక్కింది. ఉద్దేశం మంచిదే కావచ్చు, పని చేయకుండా పేరు తగిలించుకునేవాళ్లను ఆపాలనుకున్నారు. కానీ మూడు ఊళ్లలో వేలమంది పిల్లలను నెలల తరబడి చూసిన ట్రయల్లో నాలుగో పేరువాడు ఏమీ చేయలేదని ఏ లెక్క చెబుతుంది? అందుకే తెలివైన యువ డాక్టరు పది మందితో కలిసి చేసే పెద్ద పనికి దూరంగా జరిగి, తన ఓపీలోని వంద కేసులతో ఒంటరిగా చిన్న పేపరు రాసుకుంటాడు. నిబంధన అతణ్ని అటే తోస్తోంది. తప్పు అతనిది కాదు.

కలిసి పనిచేయడమంటే ఏమిటో ఒక రక్తనమూనా వెంట నడిస్తే తెలుస్తుంది. వార్డులో హౌస్ సర్జన్ రక్తం తీస్తాడు. అంతకుముందే ఎవరో రోగి పక్కన కూర్చుని, ఈ రక్తం ఎందుకో, వద్దన్నా వైద్యం ఆగదనీ అర్థమయ్యే తెలుగులో చెప్పి సంతకం తీసుకోవాలి. ట్యూబు మీద కోడ్ రాయాలి, టైము రాయాలి. కణాలను వేరు చేయకుండా రక్తాన్ని గంటల తరబడి బల్ల మీద ఉంచేస్తే కణాలు గ్లూకోజును తినేస్తూనే ఉంటాయి, ఆర్ఎన్ఏ చెడిపోతుంది. సన్నటి సూదితో లాగినా, ట్యూబును గట్టిగా కుదిపినా ఎర్రకణాలు పగిలి పొటాషియం, ఎల్‌డీహెచ్ లేనిపోని అంకెలు చూపిస్తాయి. ఏడాది తర్వాత ల్యాబులో పీహెచ్‌డీ అమ్మాయి ఆ అంకెల్లో కొత్త జబ్బు లక్షణం కనిపించిందనుకుంటుంది. నిజానికి ఆమెకు కనిపించింది ఒక సాయంత్రం నైట్ డ్యూటీ మారేవేళ ఆలస్యమైన ట్యూబు. వారం రోజులైనా వార్డులో నిలబడి ఉంటే ఆమెకు ఆ అనుమానం ముందే వచ్చేది. హౌస్ సర్జన్ ఒక్కసారి ల్యాబుకు వెళ్లి ఉంటే అతనూ ట్యూబును అలా వదిలేవాడు కాదు. ఇవి సిలబస్‌లో ఉండవు, పక్కన నిలబడి చూపించేవాళ్లు కావాలి.

వార్డునూ ల్యాబునూ కలిపే విషయంలో హైదరాబాద్‌కు ఉన్న వసతి దేశంలో చాలా నగరాలకు లేదు. హబ్సిగూడలో సీసీఎంబీ, తార్నాకలో ఐఐసీటీ, ఎన్ఐఎన్, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ వంటి పరిశోధన సంస్థలు, ముషీరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి. ఇంత దగ్గరగా ఉన్నా గాంధీలో పీజీ చేసే డాక్టరు, సీసీఎంబీలో పీహెచ్‌డీ చేసే విద్యార్థి 3 ఏళ్లలో ఒక్కసారీ ఎదురుపడకుండానే చదువు ముగించవచ్చు. దగ్గర చేస్తే ఏమవుతుందో ఈ ఊళ్లోనే రుజువుంది. సీసీఎంబీ డైరెక్టరుగా పనిచేసిన డి. బాలసుబ్రమణియన్ 1998లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లి పరిశోధన బాధ్యత తీసుకున్నారు. అక్కడ కంటి సర్జన్ వీరేందర్ సాంగ్వాన్, పాథాలజిస్టు గీతా వేముగంటి వంటివారు ఒకే కప్పు కింద పనిచేశారు. సున్నం ప్యాకెట్ పిసుకుతూ ఆడుకునే పిల్లల కంట్లో అది చిమ్మితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోతాయి, చూపు పోతుంది. బాగున్న రెండో కంటి నుంచి గింజంత కణజాలం తీసి, ల్యాబులో పెంచి, దెబ్బతిన్న కంటికి అమర్చే చికిత్సను 2001 నుంచి అక్కడ చేశారు. సర్జన్ ఒక్కడివల్లో, ల్యాబు ఒక్కదానివల్లో అయ్యే పని కాదది. అక్కడ చేరిన కుర్రవాళ్లు రెండు విద్యలనూ రోజూ కళ్లారా చూశారు.

ఇక సమయం సంగతి. అమెరికా ఎన్ఐహెచ్ 2006లో క్లినికల్ అండ్ ట్రాన్స్‌లేషనల్ సైన్స్ అవార్డులు మొదలుపెట్టి, వాటిలో భాగంగా యువ అధ్యాపకులకు మెంటార్‌తో కూడిన శిక్షణ పెట్టింది. ఎంపికైనవారి పనిగంటల్లో సాధారణంగా 75 శాతం పరిశోధనకు, శిక్షణకు విడిచిపెడతానని వారు పనిచేసే సంస్థ ఒప్పుకోవాలి. ఆ నిష్పత్తిని మన ప్రభుత్వాసుపత్రుల మీద రుద్దమని నేననను, ఓపీ క్యూ అలా ఒప్పుకోదు. కానీ వారానికి ఒక్క రోజైనా డ్యూటీ చార్టులోనే పరిశోధనకు రాసిపెట్టకపోతే, 24 గంటల డ్యూటీ దిగిన పీజీ రాత్రి 11 గంటలకు థీసిస్ కోసం కేస్ షీట్లు తిరగేయడం ఆగదు. మన దగ్గర పీజీలకు పరిశోధన పద్ధతులపై ఆన్‌లైన్ కోర్సు తప్పనిసరి చేశారు. మంచి పనే. ఇన్ఫర్మ్డ్ కన్సెంట్ నిర్వచనం అందులో వస్తుంది. భయంతో చూస్తున్న తల్లికి అదే మాట ఎలా చెప్పాలో మాత్రం అనుభవమున్న రీసెర్చ్ నర్సు పక్కన కూర్చుంటేనే వస్తుంది.

ఆ రీసెర్చ్ నర్సులకు, డేటా మేనేజర్లకు, ట్రయల్ కోఆర్డినేటర్లకు మన దగ్గర కెరీరే లేదు. ప్రాజెక్టు ముగిస్తే కాంట్రాక్టు ముగుస్తుంది, వాళ్లు నేర్చుకున్నదంతా వాళ్లతోనే వెళ్లిపోతుంది. కొత్త ప్రాజెక్టు మళ్లీ మొదటినుంచి నేర్పుకుంటుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే వృథా ఇదే. యువ శాస్త్రవేత్తకు నిజంగా దారి చూపేది చాలాసార్లు ప్రొఫెసర్ కాదు, పదేళ్లుగా అదే గదిలో పనిచేస్తున్న కోఆర్డినేటర్.

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయం తలుచుకుంటే వచ్చే బ్యాచ్ నుంచే కొంత చేయొచ్చు. పీజీ థీసిస్‌లకు వార్డు నుంచి ఒకరు, ల్యాబు నుంచి ఒకరు ఇద్దరు గైడులు ఉండటాన్ని మినహాయింపుగా కాక మామూలు విషయంగా చూడాలి. ఒకే పెద్ద ప్రశ్న మీద గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ పీజీలు తలా ఒక భాగం రాస్తే, నాలుగింటినీ నాలుగు థీసిస్‌లుగానే ఒప్పుకోవాలి. పేపరులో ఎవరు ఏ పని చేశారో చాలా జర్నళ్లు ఇప్పటికే విడిగా అచ్చు వేస్తున్నాయి. వైద్య మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ పదోన్నతి దరఖాస్తులో వరుస సంఖ్య బదులు ఆ వాక్యాన్ని అడగాలి. అప్పుడు శాంపిళ్లు సేకరించిన పదో పేరువాడు కూడా తాను చేసిన పని రాసుకోవచ్చు. చేయనివాడికి రాసుకోవడానికి ఏమీ ఉండదు.