ఊరందరి పేర్లూ తెలిసిన అమ్మ

పిల్లలూ! మా అమ్మ 92 ఏళ్లు బతికి, 2024లో కన్నుమూసింది. ఆవిడ బడికి వెళ్లలేదు. కాని ఊళ్లో ఆవిడ ఎరగని గడప లేదు. సాయంత్రం కాగానే వీధి అరుగు మీద కూర్చునేది. దారిన పోయేవారిని పిలిచి, "పాపకు జ్వరం తగ్గిందా? గేదె ఈనిందా?" అని అడిగేది. "ఊరి ఊసులన్నీ నీకెందుకమ్మా?" అని నేను విసుక్కునేవాణ్ణి.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. మా ఊరు దివిసీమ అంచున వున్నది. నేనప్పుడు పదో తరగతి. నీరు తీశాక పొరుగూరివాళ్లు సాయానికి వచ్చి, "ఎవరెవరు కనపడటం లేదు?" అని అడిగారు. ఎవరికీ నోట మాట రాలేదు. అమ్మ మాత్రం ఇంటింటివారి పేర్లూ వరసగా చెప్పింది, నేను రాశాను.

"చివరింటి ముసలమ్మ ఒంటరిది. ఆమె కోసం అడిగేవాళ్లుండరు. ముందు అక్కడ చూడండి," అన్నది అమ్మ.

ముసలమ్మ అటక మీద ప్రాణాలతో దొరికింది!

తరవాత నేను మేష్టర్నయి, ఎన్నో ఏళ్లు హాజరు పిలిచాను. రాని పిల్లవాడి పేరు దగ్గర ఆగి, "వాడికేమైంది?" అని అడగటం అమ్మ నేర్పిన చదువే.

మీ వీధిలో ఒంటరిగా వుండేవారి పేర్లు మీకు తెలుసునా? తెలియకపోతే ఇవాళ సాయంత్రమే వెళ్లి పలకరించి రండి.