ఆసుయంత్రము చెప్పు పాఠము

ప్రజల జీవనప్రమాణము వారు పాటుపడు గంటలను బట్టి పెరుగదు. ఒక్కొక్క గంట పాటునకు చేతికందు ఫలమును బట్టి పెరుగును. తెల్లవారినది మొదలు ప్రొద్దుక్రుంకువరకు కుటుంబమంతయు మగ్గమును నమ్ముకొన్న నేతపనివారి యిండ్లలో లేమి తీరకుండుటయే దీనికి తార్కాణము.

పోచంపల్లి చీరల నేతకు ముందు ఆసు పోయవలెను. అర్ధవలయముగా నాటిన మేకులచుట్టును దారమును చేతితో వేలమారులు త్రిప్పు పని యిది. ఒక్క చీరకు నాలుగైదు గంటలు పట్టెడిది. ఈ పని సాధారణముగా స్త్రీలదే యగుటచే వారి భుజములు పట్టుదప్పెడివి. ఆలేరు చేరువ శారాజీపేట వాస్తవ్యులు చింతకింది మల్లేశంగారు తమ తల్లి పడుచున్న యీ బాధను చూడజాలక, బడిచదువు మధ్యలోనే నిలిచినను, ఏండ్లతరబడి కృషిచేసి 1999లో ఆసుయంత్రమును నిర్మించిరి. దానితో చీర ఆసు గంటన్నరలో ముగియుచున్నది. 2017లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది.

అయినను మిగిలిన గంటల ఫలమెవరిదని మేమడుగుచున్నాము. పట్టు షావుకారిది, బేరము షావుకారిది యైనచోట నేతగానికి దక్కునది కూలియే. పని త్వరపడినకొలది కూలి తగ్గించినచో, యంత్రము తల్లుల భుజములను కాపాడునేగాని వారి వంటయింటిని నింపజాలదు. కావున సహకార సంఘములు పట్టును, యంత్రమునకు పెట్టుబడిని, సరకునకు నేరుగా గిరాకిని సమకూర్పవలెను. క్రొత్త పనిముట్లు కల్పించువారికి, పురస్కారములు వచ్చువరకు వేచియుండక, ప్రయోగదశయందే అప్పు పుట్టవలెను. మన పల్లెలలో బుద్ధిబలము కొఱతపడలేదు. దానికి ఊతమిచ్చు పూనిక పట్టణవాసులమైన మనయందే కొఱతపడినది.