కాలువ గట్టు వెంట

వెలిగండ్ల వంటి మెట్ట ప్రాంతం నుండి విజయవాడ వెళ్లినవారి చూపు మొదట నీటి మీదనే నిలుస్తుంది. బోరు ఎన్ని అడుగులు వేస్తే నీరు పడుతుందోనని లెక్కించుకునే మనకు, ఊరి నడుమ ఏలూరు, బందరు, రైవస్ అనే మూడు కాలువలు పారడం ఆశ్చర్యమే. పని ముగిసి బస్సు వేళ వరకు సమయం మిగిలితే గట్టు వెంట కాసేపు నడవండి. ఇంటి స్త్రీలను, పిల్లలను వెంట తీసుకువెళ్లండి. దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం పెట్టుకున్నారని అబూదావూద్ గ్రంథంలో ఉన్నది. కుటుంబంతో ఉల్లాసంగా నడవడాన్ని కాలహరణం అనుకోరాదు.

ప్రకాశం బ్యారేజీ వద్ద నడక ఆరంభించడం మేలు. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండిపడిన పిమ్మట, 1957లో ఈ బ్యారేజీ అందుబాటులోకి వచ్చింది. టంగుటూరి ప్రకాశం పంతులు మన ప్రాంతపు బిడ్డ. 1972లో అప్పటి మన జిల్లాకూ ఆయన పేరే పెట్టారు. ఒకప్పుడు ఈ కాలువలలో ధాన్యం పడవలు సాగేవి. ఇప్పుడు వంతెన మీద నిలిచి చూస్తే ప్లాస్టిక్ సంచులు, తిని పారవేసిన పొట్లాలు తేలుతూ కనిపిస్తాయి. సమీపంలోని రాజీవ్ గాంధీ పార్కులో నీడన కూర్చున్నప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడగండి: “ఈ నీరు ఎవరిది?”

సమాధానం మన ధర్మంలో స్పష్టంగానే ఉన్నది. నీటి రేవులలో, బాటలో, జనులు సేదతీరే నీడలో మలవిసర్జన చేయడాన్ని ప్రవక్త (స) శాపహేతువుగా హెచ్చరించారు. కాలువ గట్టున ఈ మూడూ ఒక్కచోటనే ఉన్నాయి గదా! బాటలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటి. ఇక ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అనగా సుమారు నిండు దోసిలితో, వుజూ ముగించేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాలు తెలుపుతున్నాయి. పారే నది ఒడ్డున ఉన్నా దుబారా దుబారానే అన్న బోధ ఇబ్నుమాజాలో ఉన్నది. నీరు కొరవడినచోట పొదుపు అవసరం కొద్దీ జరుగుతుంది. సమృద్ధిగా ఉన్నచోట పాటించే పొదుపే శీలానికి పరీక్ష.

ఆ పరీక్ష మనకూ రానున్నది. శ్రీశైలం జలాశయం నుండి నల్లమల కొండల గుండా, ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైబడిన రెండు సొరంగాలతో పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు చేపట్టారు. 1996లో శంకుస్థాపన జరిగిన ఈ పథకం కోసం మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాలలో ఒక తరం ఎదురుచూస్తూనే పెద్దదైంది. ఆ నీరు మన కాలువలలో పారిననాడు వాటి గట్లు ఎలా ఉంటాయన్నది ఇంజనీర్ల చేతిలో లేదు, మన ఇళ్లలో ఉన్నది. చెత్తను కాలువలో విసిరే అలవాటు కాలువతోపాటు పుట్టదు. ముందు ఇంటి గుమ్మంలోనే పుడుతుంది.

కనుక నీరు వచ్చేవరకు వేచి ఉండనవసరం లేదు. ఈ రోజు అస్ర్ నమాజుకు మస్జిదుకు వెళ్లినప్పుడు వుజూఖానాలో కొళాయిని సన్నని ధారగా తిప్పండి. మీ పక్కన ఉన్న బాలుడు చూసి నేర్చుకుంటాడు. అమానతును కాపాడే శిక్షణ అక్కడే మొదలవుతుంది.