కంప్యూటర్ కబుర్లు: లైనక్స్‌లో హెచ్‌డీఆర్ తెర

క్రొత్త హెచ్‌డీఆర్ మానిటరును లైనక్స్ కంప్యూటరుకు కలిపి చూడగానే, బొమ్మ వెలవెలబోయి కనిపించుట కద్దు. లోపము మానిటరుదేనని తలచి దుకాణమునకు తిరిగి ఇచ్చివేయువారును గలరు. ఉద్యోగి కుటుంబమునకు అది స్వల్పమైన ఖర్చు కాదు గనుక, ఈ నెల ఈ విషయమును పాఠకుల ముందుంచుచున్నాము.

సాధారణ వీడియో సుమారు 100 నిట్ల వెలుగును ప్రమాణముగా తీసుకొని తయారగును. అందు ఒక్కొక్క వర్ణమునకు సాధారణముగా 8 బిట్లు, అనగా 256 మెట్లు. హెచ్‌డీఆర్10 పద్ధతిలో 10 బిట్లు, అనగా 1024 మెట్లు. వెలుగు కొలమానము 10,000 నిట్ల వరకు పోవును. ఈ రెండు లెక్కలు వేరు. హెచ్‌డీఆర్ చిత్రమును మార్పు చేయక సాధారణ పద్ధతిలో చూపినచో, నెమలికంఠపు నీలము సైతము బూడిదవలె కనిపించును.

1980లలో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థకు ఈ లెక్క తెలియదు. తరువాత వచ్చిన వేలాండ్‌లోనే దీనికి చోటు దొరికినది. కేడీఈ ప్లాస్మా 6 (2024 ఫిబ్రవరి) తొలి సదుపాయము కల్పించగా, గ్నోమ్ 48 (2025 మార్చి) దానిని అనుసరించినది. కావున అంతకు పూర్వపు లైనక్స్ సంచికలు వాడువారు మొదట వాటిని నవీకరించుకొనవలెను.

పిదప వరుసగా ఈ నాలుగు చూడగలరు.

1. కొన్ని మానిటర్లలో హెచ్‌డీఆర్‌ను వాటి సొంత మెనూలోనే ముందుగా ఆన్ చేయవలెను.

2. లాగిన్ తెరపై ఎక్స్11 గాక వేలాండ్ సెషన్‌ను ఎన్నుకొనవలెను.

3. సెట్టింగులలో డిస్‌ప్లే విభాగమున హెచ్‌డీఆర్ మీటను ఆన్ చేయవలెను. మీటయే కనిపించనిచో కేబులును, గ్రాఫిక్స్ డ్రైవరును పరిశీలించవలెను; మానిటరు తన శక్తిని తెలుపు సమాచారము కేబులు ద్వారానే కంప్యూటరుకు చేరును.

4. వీడియో ప్లేయరుకును ఈ పద్ధతి తెలిసియుండవలెను. ఎంపీవీ ప్లేయరు 0.40 సంచిక (2025) వేలాండ్‌పై హెచ్‌డీఆర్‌ను నేరుగా చూపగలదు.

ఇవన్నియు చేసిన పిదప సాధారణ కిటికీలు మసకగా ఉన్నచో, ప్లాస్మాలో వాటి వెలుగును విడిగా సరిచేయు ఏర్పాటు గలదు. తెర చెడినదని భావించుటకు ముందు దానిని సవరించి చూడవలెను.

కొనబోవువారికి ఒక మనవి. డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 అను ముద్రకు గరిష్ఠముగా 400 నిట్ల వెలుగు ఉన్నచో చాలును. అట్టి తెరపై సినిమాకు పెద్ద భేదము కనిపించకపోవచ్చును. కార్యాలయపు పత్రములు, లెక్కల పట్టికలు చూచుకొనుటకు హెచ్‌డీఆర్‌తో పనియే లేదు. ఆ అవసరము కొరకే కొనువారు ఆ సొమ్మును స్పష్టమైన అక్షరములు చూపు మంచి సాధారణ తెరపై వెచ్చించుట మేలని మా అభిప్రాయము.