కరెంటు పోయినదా, తీసివేసినారా?

గత వేసవిలో మా పాఠశాలయందు తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక యింట జరిగిన సంగతి యిది. ఆమె తల్లి హోసూరు చెంత ఒక పల్లెలో పిండి రుబ్బి యిచ్చు చిన్న అంగడి నడుపుచున్నది. నాలుగు వీధుల వారి ఇడ్లీపిండి ఆమె గ్రైండరులోనే నలుగవలెను. ఒకనాటి రాత్రి ఆమె సెల్‌ఫోనునకు ఇంగ్లీషులో ఒక వార్త వచ్చినది. "ఇదేమో చూడవే" అని కూతురికి చూపినది. బాలిక అక్షరములు కూడబలుకుకొని చదివినది. 'షెడ్యూల్డ్' అను మాట బడిలో విన్నదే. 'ఔటేజి' అను మాటను మాత్రము ఎన్నడును వినియుండలేదు. 'ఔట్' తెలియును, 'ఏజ్' తెలియును. రెండును కలిపి, "వయసు దాటినవాళ్ల గురించి ఏదో వచ్చిందమ్మా, మనకు కాదులే" అని చెప్పినది. తల్లి నిశ్చింతగా పది పడుల బియ్యము, తగినంత మినపప్పు నానబోసి పరుండినది. మరునాడు ఉదయము 9 గంటలకు నిలిచిన కరెంటు సాయంకాలము 5 గంటలకు గాని తిరిగి రాలేదు. నానినదంతయు ఆ యెండకు పులిసి వాసన కొట్టినది.

ఈ కథ విని మేము ముందు నవ్వితిమి, పిమ్మట సిగ్గుపడితిమి. ఆ బాలిక తెలివిమాలినది కాదు. తెలియని మాటను విడదీసి అర్థము కట్టుకొనుమని నేర్పినవారము మేమే. ఆమె విడదీయవలసినట్లే విడదీసినది. కాని తోకను పోల్చుకొనలేకపోయినది. 'పోస్టేజి', 'లీకేజి' అను మాటలలో చివరనున్న 'ఏజి' వయస్సు కాదు గదా! 'ఔటేజి'లోని తోకయు అదియే. 'ఔట్' అనగా దీపము ఆరియుండుట, యంత్రము పనిచేయకుండుట. ఆ స్థితిలో నుండుటయు, ఆ స్థితి కొనసాగిన కాలమును 'ఔటేజి' అనబడును. సరకు ఒకచోటినుండి వేరొకచోటికి పోవునప్పుడుగాని, నిలువయున్నప్పుడుగాని తరుగుపోయిన మొత్తమునకు సైతము ఇంగ్లీషులో ఈ పేరు కలదు. పీపాలోని నూనె తరిగినను ఔటేజియే, తీగెలోని కరెంటు నిలిచినను ఔటేజియే. దీనికి నడుమ ఒక 'ర'కారము చేర్చినచో 'ఔట్రేజి' అగును; అనగా ఆగ్రహము. మొదటిది పలుమారు వచ్చిన ఊరికి రెండవదియు వచ్చుట మనమెరుగనిది కాదు.

విద్యుత్కేంద్రముల ఇంజనీర్లు దీనిని రెండు విధములుగా వాడుదురు. ముందుగా దినము, గంట నిర్ణయించి మరమ్మతులకై నిలుపునది ఒకటి. చెప్పక చేయక యంత్రము చెడుటచేత నిలుచునది రెండవది. ఇటీవల ఈ మాట కరెంటును దాటి ఫోనులకు, కంప్యూటర్లకు ప్రాకినది. 2024 జూలై 19వ తేదీన ఒక దోషము గల సాఫ్ట్‌వేరు మార్పువలన లోకమంతట సుమారు 85 లక్షల కంప్యూటర్లు స్తంభించి, విమానములు సైతము నిలిచిపోయినవి. ఆనాడు దీపములు వెలుగుచునే యున్నవి, పంకాలు తిరుగుచునే యున్నవి. అయినను పత్రికలన్నియు దానిని 'ఔటేజి' యనియే వ్రాసినవి. కనుక ఈ మాట కనబడిన తోడనే 'కరెంటు' అని వ్రాసివేయవలదనియు, ఏది నిలిచినదో వాక్యములో వెదకుమనియు మా విద్యార్థులకు చెప్పుచున్నాము.

దీనికి బంధువులైన మాటలును కొన్ని గలవు. 'బ్రౌనౌట్' అనగా వోల్టేజి తగ్గి బల్బు ఎర్రగా మినుకుమినుకు మనుట. ఫిలిప్పీన్సు దీవులలో మాత్రము కరెంటు పూర్తిగా పోయినను బ్రౌనౌట్ అనియే యందురు. 'లోడ్ షెడ్డింగు' అనగా ఉన్న కరెంటు అందరికిని చాలక కొన్ని ప్రాంతములకు వంతులవారీగా ఆపుట. మన దేశమున ఎట్లో, దక్షిణాఫ్రికాలోను ఇది యింటింట నలిగిన మాట.

'బ్లాకౌట్' కథ వేరు. నాటకశాలలో రంగమునందలి దీపములన్నియు ఒక్కసారిగా ఆర్పుట అను అర్థము దానికి మొదట నుండెను. 1939 సెప్టెంబరు 1వ తేదీనుండి బ్రిటనులో శత్రువిమానములకు ఊళ్లు కానరాకుండుటకై రాత్రులందు వెలుతురు బయటికి పోనీయకూడదని శాసించినప్పుడు ఆ మాట ప్రతి గుమ్మమునకును వచ్చినది. మన దేశమునను 1971 యుద్ధకాలమునాటి బ్లాకౌట్లు పెద్దలకు జ్ఞాపకమున్నవి. 2025 మే 7వ తేదీన జరిగిన పౌరరక్షణ అభ్యాసముల మూలమున పిల్లలును ఆ మాట వినిరి. మనుష్యుడు స్పృహ తప్పినను, ఒక వార్తను అచ్చు కాకుండ అణచినను ఇంగ్లీషువారు ఆ మాటయే వాడుదురు. విశాలమైన భూభాగమంతయు ఒక్కమారుగా చీకటిపడుటకును అదియే పేరు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి సుమారు 60 కోట్లమంది నివసించు ప్రాంతము కరెంటు లేకయున్నది. ఆ రాష్ట్రములలో ఒడిశా యొకటి. దక్షిణ రాష్ట్రములకు మాత్రము ఆ దెబ్బ తగులలేదు. అప్పటికి దక్షిణ గ్రిడ్డు తక్కిన దేశముతో ఒక్క లయకు కూడియుండకపోవుటయే కారణము. ఆ కూడిక 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపురముల నడుమ వేసిన 765 కిలోవోల్టుల తీగెవలన జరిగినది. ఆ రెండు చోట్లను మనవలెనే తరతరములుగా స్థిరపడిన తెలుగువారు కలరు. పాఠ్యపుస్తకములందు లేని యీ ముక్కను మన పిల్లలు తెలిసికొన్న బాగుండునని యిచ్చట వ్రాసితిమి.

ఇక అసలు సంగతికి వత్తము. ఇంగ్లీషు మాటను నేర్వవలసినదే. అందులో మాకు సందేహము లేదు. కాని తెలుగు వ్రాయునప్పుడు 'ఔటేజి' అని వ్రాయవలెనా? వలదని మా అభిప్రాయము. అది పరభాషాపదమగుటచేత మాత్రము కాదు. 'కరెంటు' పరభాషాపదమే. దానిని మన అవ్వలు సైతము ఆదరించి యింటిలోనికి తెచ్చుకొనిరి. అది యిక మనది. అట్లే 'విద్యుత్తు' సంస్కృతము. తమిళులు 'మిన్' అందురు, హిందీవారు 'బిజిలీ' అందురు. ఈ మూడింటికిని మొదటి అర్థము మెరుపే. కన్నడమున మెరుపునకు 'మించు' అని పేరు. మన కావ్యములందును 'మించు' అను మాట ఆ అర్థముననే కలదు. మాటలు ఇరుగుపొరుగుల నడుమ రాకపోకలు చేయుట మన సరిహద్దు ఊళ్లలో వింత కాదు.

మా అభ్యంతరము వేరు. 'ఔటేజి' అను మాటలో కర్త లేడు. ఎవరు ఆపిరి? ఏల ఆగినది? ఆ మాట చెప్పదు. మన యిండ్లలో పలుకు మాటలు చెప్పును. "కరెంటు పోయె" అన్నచో తనంతట పోయినదని, ఎవరిపైనను నేరము లేదని భావము. "కరెంటు తీసినారు" అన్నచో తీసిన చేయి ఒకటి కలదు. "కోత" అన్నచో కోసినవాడును కలడు, కోతకు లోబడినవాడును కలడు. తమిళులును 'మిన్‌వెట్టు' అని కోతను, 'మిన్‌తడై' అని అంతరాయమును వేరుపరచుకొనిరి. 2012 ప్రాంతమున ఈ రాష్ట్రపు పల్లెలలో గంటలకొలది కరెంటు లేని దినములలో జనులు పలికినది 'వెట్టు' అను మాటయే గాని 'తడై' కాదు. ఏ మాట ఎప్పుడు వాడవలెనో వారికి ఏ నిఘంటువును చెప్పలేదు. (మన తెలుగున 'కోతలు కోయుట' అనగా గొప్పలు చెప్పుకొనుట యనియు నర్థము. కోత లేదని కోసిన కోతలును మనము వినియున్నాము.)

కావున యంత్రము చెడినచో 'అంతరాయము', చెప్పి మరమ్మతులకై ఆపినచో 'నిలుపుదల', చాలక ఆపినచో 'కోత' అని వ్రాయుడని విద్యార్థులకు మా సలహా. ఒక ఉత్సాహవంతుడైన మిత్రుడు 'విద్యుల్లోపము' అని క్రొత్త పదము కల్పించి తెచ్చెను. ఆ మాట విని పిండిమర యజమానురాలు దీపము వెలిగించుకొనునో, వైద్యుని పిలుచునో మాకు తోచలేదు.

"పిల్లలకు ఇంగ్లీషు వచ్చిన చాలును, తెలుగు మాటల గొడవ ఏల?" అని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. వారికి ఆ తల్లి సంగతియే మా ప్రత్యుత్తరము. ఆమె తమిళము చక్కగా మాటాడును గాని చదువజాలదు. ముందునాటి తమిళ పత్రికలో ఆ ప్రకటన పడియుండెనట. అది ఆమెకు ఉపకరింపలేదు. వార్త తమిళమున వచ్చియుండినను కూతురు చదివి చెప్పియుండెడిది. 2006 నాటి తమిళ విద్యాశాసనము తరువాత మన బడులలో పిల్లలందరును తమిళము నేర్చుచున్నారు. వచ్చినది ఇంగ్లీషు, అందులోను ఇంజనీర్ల ఇంగ్లీషు. కరెంటు బిల్లు సొమ్ము ఆమె ఏ భాషలో కట్టినను పుచ్చుకొందురు గదా. ఆపెదమని చెప్పుటకు ఆమె భాష ఏల పనికిరాదు?

ఇది దయ కోరుట కాదు. భాషాల్పసంఖ్యాకులు ఒక ప్రాంతపు జనాభాలో నూటికి 15 మొదలు 20 మంది యున్నచో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలోను వెలువరింపవలెనని 1956 నాటి కేంద్రప్రభుత్వ పత్రమునందే అంగీకరింపబడినది. రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము ఈ రాష్ట్రమున గాని దేశమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను మన కష్టములు విన్నవించుకొను హక్కు మనకు కలదు. పల్లెల పెద్దలు కలిసి తెలుగులోనే ఒక విజ్ఞాపన వ్రాసిన బాగుండును. వ్రాసి యిచ్చుటకు మా పదవ తరగతి పిల్లలు సిద్ధముగా నున్నారు. చేవ్రాళ్లు మాత్రము పెద్దలు చేయవలెను.

అంతవరకు ఊరకుండుట యెందుకని పాఠశాల ద్వారము ప్రక్కన ఒక నల్లబల్ల పెట్టించితిమి. ఫోనునకు వచ్చిన ప్రకటనలను పిల్లలు తెలుగులోను తమిళములోను దానిపై వ్రాయుదురు. మొదటి ప్రకటన వ్రాసినది ఆ బాలికయే: "మంగళవారము ఉదయము 9 మొదలు సాయంకాలము 5 వరకు మరమ్మతులకై కరెంటు నిలుపుదల. పిండి రుబ్బించుకొనువారు సోమవారమే రావలెను." రెండవ వాక్యము ఫోనులో లేదు, అది తల్లి చేర్పించినది. మేము దిద్దలేదు.